జావ పలచబడింది

జి.మాడుగుల, 1976 ఆగస్టు, బుధవారం

అత్తగారికి ఎంత చెప్పినా గోడకి చెప్పినట్టే ఉంది. బాబుకి తిన్నది అరగడం లేదని విశాఖ డాక్టరు పాలు, గోధుమ, నూనె మాన్పించాడు. గొట్టం మాత్ర విప్పి, తిండిని అరిగించే ఆ పొడి గోరువెచ్చటి చోడిజావలో కలిపి వెంటనే పట్టమన్నాడు. ఇవాళ సంత. పొడి కలిపానో లేదో, మా కొట్లోంచి ఎవరో ఉప్పు కోసం కేక. వెళ్ళొచ్చేసరికి జావ నీళ్ళలా అయిపోయింది. గిన్నె పట్టుకుని అత్తగారు నిలబడి ఉంది.

“ఇదేటే, గుంటడికి నీళ్ళు పోత్తన్నావా?”

“పొడి పనిచేస్తే అలాగే పలచబడుతుందత్తా.”

“జావనే నీళ్ళు సేసీసిన మందు గుంటడి పేగుల్ని ఏటి సేస్తాదే?”

ఆవిడ ఇంకాస్త రాగిపిండి కలిపి, పొయ్యి మీద కుతకుతా ఉడికించేసింది. ఉడికితే పొడి పనికిరాదని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! దాని కోసం ఆయన ఘాటీ బస్సులో విశాఖ దాకా తిరుగుతున్నారు. బాబు మాత్రం నానమ్మ జావ గిన్నె నాకి మరీ తిన్నాడు. సాయంత్రానికి తిన్నది తిన్నట్టే విరేచనంలో పోయింది.

వాడికి నీళ్ళు పోస్తుంటే మొలతాడు జారి మోకాళ్ళ దగ్గర పడింది. ఆవిడే వంగి, పాత ముడికి లోపలగా కొత్త ముడి వేసింది. నేను ఆవిడ మొహం చూడలేదు, ఆవిడా నా మొహం చూడలేదు. లేస్తూ, “రేపు ఆ పొడి నా ఎదరే కలుపు, సూస్తాను,” అంది.

కలుపుతాను. మళ్ళీ పేగుల మాట అడిగితే ఏం చెప్పను?