ఏసుపాదం క్లారినెట్ ఫ్లాపీ

అక్టోబరు 21

ఆయుధపూజ నిన్న అయింది. తొరపాడి స్టూడియో ఏసుపాదం ఇంట్లోది, వాడు క్రైస్తవుడు. అందులో పూజ మాత్రం నాది. "పెట్టుకో గోవిందూ, నీ సామి కూడా పాటలు వినేవాడే గదా," అంటాడు ఏసుపాదం ప్రతి ఏడూ. కీబోర్డుకు, మైకుకు, కంప్యూటరుకు, ఫ్లాపీల డబ్బాకు గంధం, కుంకుమ పెట్టాను. అందరికీ బొరుగులు, బెల్లం పంచాను. ఆ ఇంట్లో నాకున్న అధికారం అదొక్కటే.

అక్టోబరు 24

ఏసుపాదం కూతురు సలోమికి క్రిస్మసు క్యాసెట్టు పని వచ్చింది. ఎనిమిది పాటలు. ప్రతి పాటలోనూ వాళ్ళ నాయన క్లారినెట్ ఉండాలట, చర్చివాళ్ళు మరీ మరీ చెప్పారట. నా హార్మోనియం ఊసు ఎవరూ ఎత్తరు. నలభై ఏళ్ళు నాటకాల్లో వాయించినవాణ్ణి ఇప్పుడు ఇంగ్లీషు మాన్యువల్ చదివి చెప్పడానికి పిలుస్తారు. గుడియాత్తం నుంచి బస్సులో వెళ్ళి చదివి చెబుతాను.

ఏసుపాదానికి ఊపిరి చాలక నాలుగేళ్ళయింది. చాలినన్నాళ్ళూ ఒక్కొక్క స్వరం విడిగా ఊది కంప్యూటరులోకి ఎక్కించాడు. అన్నీ ఒకే ఫ్లాపీలో. ముందు డివైస్ ఫైలు — ఇది ఏ వాయిద్యమో చెప్పేది. తర్వాత ప్రీసెట్ — అది ఎలా పలకాలో చెప్పేది. రెండూ ఎక్కాయంటే వాడు కుర్చీలో దగ్గుతూనే స్పీకర్లో పాతికేళ్ళవాడిలా ఊదుతాడు.

నా వేళ్ళు వంకరపోయాయి. నాకు అలాంటి ఏర్పాటేదీ లేదు.

అక్టోబరు 26

ఎక్కలేదు.

సలోమి ఫ్లాపీ పెట్టింది. లోపల కర్రుమని చప్పుడు. డివైస్ ఫైలు చదవలేనంది కంప్యూటరు. తీసి, పెట్టి, మళ్ళీ... అదే చప్పుడు. కంప్యూటరులో జాగా చాలక పని అయిపోగానే తుడిచేస్తాం, అందులో ఏమీ మిగల్లేదు. ఉన్నది ఆ ఫ్లాపీ ఒక్కటే.

డ్రైవు మూత విప్పి, స్పిరిట్‌లో ముంచిన పత్తితో తుడిచింది.

"మామా, ఎర్రగా ఏందో అంటుకోని ఉండాది."

"తుప్పమ్మా," అన్నాను.

అంత వేగంగా నోటికి వచ్చిన అబద్ధం ఈ మధ్య మరొకటి లేదు.

అక్టోబరు 27

రాయాలి. ఆ ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, తమిళ బడి చదువులు కాబట్టి ఎవరికీ చదవడం రాదు. ఈ పుస్తకం వాళ్ళ బల్ల మీద తెరిచి పెట్టినా భయం లేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మా నాయన మేస్త్రీ. ఆయుధపూజకు తాపీ పిడికి బొట్టు పెడితే ఒప్పుకునేవాడు కాదు. "పని చేసే చోట పెట్టాల నాయనా." తాపీకి రేకు కొసన, రంపానికి పళ్ళ మీద, ఉలికి పదును మీద. మొన్న ఫ్లాపీలన్నిటికీ పైన పెట్టాను. క్లారినెట్ ఫ్లాపీకి మాత్రం రేకు పక్కకు జరిపి, లోపలి నల్లటి చక్రం మీద, తడి గంధంతో కుంకుమ అద్దాను. పని చేసేది అదే కదా.

ఆ ఒక్కదానికే ఎందుకు? భక్తి అనుకున్నాను. మాన్యువల్ మూడో పేజీలో ఉంది, రేకు జరపరాదు, చక్రం తాకరాదు అని. నేనే చదివి నేనే తమిళంలో సలోమికి చెప్పాను.

తెలియక చేశానని రాసుకుందామంటే చేయి రావడం లేదు.

అక్టోబరు 29

ఏసుపాదం నేరం తన మీద వేసుకున్నాడు.

"నేనే చెడిపినాను అమ్మా. ఆదివారం మధ్యాన్నం ఒంటిగా కూసోని నా స్వరాలు విందామనుకున్నా. చెయ్యి వణికింది. ఏం నొక్కినానో యాదిలే."

"పరవాయిల్లే నాయనా," అంది సలోమి. ఇటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను.

నవంబరు 1

స్టూడియో గది తాళంచెవి వాడు కూతురి చేతికి ఇచ్చేశాడు. "నన్ను ఈ గదిలోకి రానీబాకు. ఇంకేం చెడుపుతానో." వరండాలో కూర్చుంటున్నాడు. ఎవరైనా పాడుతుంటే తలుపు వైపు చూస్తాడు, లేవడు. ఫ్లాపీని బైబిలులో పెట్టుకున్నాడట.

నవంబరు 2

ఎన్ని నవలలు చదివాను. నోరు మూసుకుని మరొకడి మీదికి నింద పోనిచ్చినవాణ్ణి పేజీ తిప్పేలోపు అసహ్యించుకునేవాణ్ణి. అంచుల్లో పెన్సిలుతో తిట్లు కూడా రాశాను.

నవంబరు 4

వాడేమీ దేవదూత కాదు. ఇద్దరం ఒకే నాటకం కంపెనీలో ఉన్నప్పుడు, నాట్రంపల్లి ఆటలో నా పాట నేను ఎత్తుకోకముందే క్లారినెట్ ఎత్తుకున్నాడు. చప్పట్లన్నీ వాడివి. కంపెనీ యజమాని దండ వాడికి వేశాడు. ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఆ దండలోని పూలేవో చెప్పగలను.

చెప్పగలను గానీ దీనికి అది జవాబు కాదు.

నవంబరు 5

గుర్తొచ్చింది — నా పెట్టెలో ఒక ఫ్లాపీ ఉండాలి. మూడేళ్ళ కింద వాడే ఇచ్చాడు. "నీ దగ్గర ఒకటి పెట్టుకో గోవిందూ. విని చెప్పు." తన క్లారినెట్ నా ఇంట్లో కూడా ఉండాలని వాడి గొప్ప అనుకున్నాను. కవరు కూడా విప్పలేదు.

వెతికాను. పంచెల అడుగున ఉంది. ఇది ఆ క్లారినెట్ నకలే అయితే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఎక్కిస్తాను, దొరికిందంటాను, వాడు గదిలోకి వస్తాడు. నేను మంచివాణ్ణి కూడా అవుతాను.

నవంబరు 6

సలోమి చర్చికి వెళ్ళే వేళకు చేరి, గది తాళంచెవి అడిగి తీసుకున్నాను. డివైస్ ఫైలు ఎక్కింది. ప్రీసెట్ ఎక్కింది. కీ నొక్కాను.

క్లారినెట్ కాదు. హార్మోనియం. నాది. తిత్తి కిర్రుమనే చప్పుడుతో సహా, పై షడ్జం దగ్గర కొంచెం బొంగురు పోవడంతో సహా. రిహార్సల్ రోజుల్లో ఎప్పుడో నాకు తెలియకుండా టేపులో పట్టుకున్నట్టున్నాడు. నా వేళ్ళు బాగున్నప్పటిది.

ఎంతసేపు నొక్కుతూ కూర్చున్నానో. వెనక సలోమి.

"ఇన్నాళ్ళకు తెచ్చినావా మామా. నువ్వు సరి అంటేనే పాటల్లో వాడాలని నాయన గట్టిగా చెప్పినాడు. రెండు మూడు తూర్లు నన్ను అడిగినాడు, గోవిందు ఏమన్నా అనినాడా అని."

"ఏమన్నావు?"

"నీకు నచ్చలే కాబోలు అనినాను."

వరండాలోంచి వాడి గొంతు. "తిత్తికి నూనె ఎయ్యరా అని అప్పుడే మొత్తుకున్నా. ఇంటివా, ఎట్ల అరస్తుండాదో." నవ్వి, దగ్గాడు. లోపలికి రాలేదు.

రమ్మని నేనూ అనలేదు.

నవంబరు 7

వెళ్ళలేదు. జ్వరమని కబురు పంపాను. జ్వరం లేదు.

నవంబరు 9

వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. బస్సులో మాటలు వరుసగా పేర్చుకున్నాను. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఏ భాషలోనూ రెండో వాక్యం దాటలేదు.

వరండాలో వాడి పక్కన కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోపే బైబిలులోంచి ఫ్లాపీ తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు చదువుకున్నోడివి. ఇంటికి తీసకపోయి నిదానంగా చూడు. రెండు స్వరాలు మిగిలుండినా సాలు. పోయింటే పోయిందని నువ్వే చెప్పు. ఆ బిడ్డ చెప్తే తట్టుకోలేను."

"రేకు జరిపి చూశావా?" అన్నాను.

"అది జరపకూడదని నువ్వే గదప్పా చెప్పినావు."

సలోమి పత్తి, స్పిరిట్ సీసా సంచిలో పెట్టి ఇచ్చింది. మెల్లగా తుడువు మామా అంది.

నవంబరు 10, పొద్దున

రేకు జరిపి చూశాను. గంధం ఎండి పెచ్చు కట్టింది. దాని మీద నా ఉంగరపు వేలి ముద్ర ఎర్రగా అలాగే ఉంది.

సీసా మూత తీశాను. తుడిస్తే ఏ గుర్తూ ఉండదు. పోయిందప్పా అని చెప్పి, వాడి భుజం మీద చేయి వేసి, ఓదార్చి కూడా రావచ్చు.

పది గంటల బస్సు. చొక్కా వేసుకున్నాను. ఫ్లాపీ జేబులో ఉంది. సీసా బల్ల మీద ఉంది, మూత మళ్ళీ పెట్టలేదు.

ఇంకా తుడవలేదు.