నీ సన్న బ్రష్షు ఎవరు ముడుతాండ్రు?

అన్నా,

నువ్వు పోయి రేపటికి యాడాది. హన్మకొండల నీ షాపు నేనే నడుపుతాన. బూట్ల మీద బొమ్మలు ఇప్పటికీ నీ బ్రష్షులతోనే ఏస్తాన.

నెల రోజులసంది నీ సన్న బ్రష్షుతోని గీసిన గీత నిలుస్తలేదు. రంగు తోలుకు పట్టక చుక్కలు చుక్కలుగ విడిపోతాంది. ముందుగాల రంగులమ్మేటాయన కల్తీ చేస్తాండనుకున్న. తర్వాత పక్క షాపు రాజు మీద అనుమానం పడ్డది. నేను అన్నానికి పోతె అమ్మనే షాపుల కూసుంటది కదా, ఆమెను మాటల్ల పెట్టి బ్రష్షు ముడుతాండనుకున్న. అడిగితె, "నాకెందుకక్కా నీ బ్రష్షు?" అన్నడు. అయినా నమ్మలే.

ఇయ్యాల అన్నానికి పోయినట్టే పోయి, మల్లొచ్చి తలుపు సందుల నుంచి చూసిన. అమ్మ ఒక్కతే ఉంది. నీ బ్రష్షును సబ్బుతోని కడిగి, అరచేతుల కొబ్బరినూనె పోసుకొని దాని ఎంటికలకు రాస్తాంది.

"ఏం చేస్తానవే అమ్మా?"

"ఎండిపోయినయి బిడ్డా. వాడైతే తలకు నూనె పెట్టనిచ్చెటోడు కాదు."

నూనె అంటిన బ్రష్షుకు ఈ రంగు నిలువదని నువ్వే నాకు నేర్పినవ్. సాయంత్రం నాకు కొత్త బ్రష్షు కొనుక్కున్న. నీది అమ్మ చేతికందేటట్టు కింది అరల పెట్టిన.