అక్కకి చదివి వినిపించినవి

11 జూన్, బుధవారం

బావగారికి,

మీ మరదలి నమస్కారాలు. ఉత్తరం కదా అని గౌరవంగా మొదలుపెట్టాను, ఇకమీదట నువ్వనే రాస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలని బళ్ళో నేర్పారు. నీ కూతురు పిచ్చుక క్షేమం. అమ్మ మోకాళ్ళు మామూలే. అక్క సంగతి రాయడానికే ఈ కాగితం తీశాను. అక్కడ ఎండలు ఎలా ఉన్నాయో, క్రేన్ మీద ఆ రేకు డబ్బాలాంటి గదిలో ఎలా కూర్చుంటున్నావో తెలియదు. ఒంట్లో బాగుందనుకుంటాను.

ఫోనుండగా ఇది ఉత్తరం రాయడమేమిటి అనుకుంటావు. ఫోన్ చేస్తే తీయవు. మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటావు. కాగితమైతే మధ్యలో కట్ చెయ్యలేవు కదా. చింపెయ్యొచ్చు. కానీ పొట్లం కట్టిన పేపరు ముక్క కూడా చదవనిదే పారెయ్యని మనిషివి, చింపేముందు నాలుగు వాక్యాలైనా చదువుతావని నా ఆశ.

ముందు పిచ్చుక కబుర్లు. ఆదివారం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. సెలైన్ పెట్టిన చెయ్యి వాపు తగ్గింది. పాలు తాగుతోంది, రొట్టె అంచులు మాత్రం ఎప్పటిలాగే నాకు పెడుతోంది. నీళ్ళ సీసా వదలడం లేదు, పక్కలో పెట్టుకునే పడుకుంటోంది. గది తలుపు దగ్గరికి వేస్తే ఏడుస్తోంది, అందుకని తెరిచే ఉంచుతున్నాం. కొన్నాళ్ళకి సర్దుకుంటుంది, తొందర పెట్టకండి అని డాక్టరమ్మ చెప్పింది.

జరిగింది నీకు టీవీ చెప్పింది. ఇప్పుడు నేను చెప్తాను.

గురువారం పొద్దున అక్క రాత్రి డ్యూటీ దిగి వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని ఎలాంటిదో నీకు తెలుసు, ఆ సబ్బుకి తన వేళ్ళ కొసలు ఎప్పుడూ ఒలిచినట్టే ఉంటాయి. నేను అప్పటికే ఆఫీసుకి బయల్దేరాను, అమ్మ మందులకి వెళ్ళింది. అక్క పిచ్చుకకి పాలు పట్టి, తలుపు గడియ పెట్టి, దాన్ని పక్కలో వేసుకుని పడుకుంది. ఇన్నాళ్ళూ అలాగే పడుకుంటోంది. ఆ రోజు అది స్టూలు లాక్కొచ్చి గడియ తీసింది. దానికి ఆ గడియ అందుతుందని నీకు తెలుసా? నాకు తెలియదు. అక్కకీ తెలియదు. కింద పరుపుల కొట్టు ముందు వ్యాను ఆగి ఉంది, వెనక తలుపు బార్లా తెరిచి. పిల్లదానికి మెత్తగా కనిపించింది, ఎక్కింది, పరుపుల సందులో నిద్రపోయింది. డ్రైవరు చూసుకోకుండా తలుపు వేసేసి, ఊరి ఆ చివర గోదాములో బండి పెట్టి ఇంటికి పోయాడు. మర్నాడు పొద్దున సరుకు దించబోతే ఇది కనిపించింది. ఇంకాస్త ఎండెక్కి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, మేం అడగలేదు.

జరిగింది ఇంతే బావా. కానీ ఆ మధ్యలో లోకమంతా మా మెట్ల మీదికి వచ్చింది.

పిల్ల కనబడటం లేదని చెప్తే సాయంత్రానికి పోలీసులు దాని ఫోటో బయటికిచ్చారు. చీకటి పడకముందే కెమెరాలు వచ్చేశాయి. మెట్ల మీద నల్లటి వైర్లు, వాటి మధ్య అడుగులేసుకుంటూ అమ్మ. కింద వాటా దర్జీ అత్త పెళ్ళిళ్ళకి కట్టే బట్టలు కట్టుకుని కెమెరా ముందు నిలబడింది. ఆవిడ మంచిదే, పీలికలతో పిచ్చుకకి ఎన్ని బొమ్మలు కుట్టిచ్చిందో నీకూ తెలుసు. మైకు మూతి ముందు పెట్టేసరికి ఏమైందో, తల్లికి కాస్త నిద్ర ఎక్కువేనండీ అనేసింది. తరవాత పైకొచ్చి, ఏదో ఒకటి చెప్పమని ప్రాణం తీశారే, నోటికొచ్చింది అనేశాను, నరం లేని నాలుక అని ఏడ్చింది. ఆవిడ ఏడుస్తుండగానే ఆ ముక్క తెర కింద ఎర్ర అక్షరాల్లో పరిగెడుతోంది. మొద్దు నిద్రలో తల్లి, మాయమైన చిన్నారి.

పోలీసులతో వీధి వీధీ తిరిగొచ్చి అక్క మెట్ల మీద కూలబడింది. నా చేతిలో ఫోను చూసి, జనం ఏమంటున్నారే, చదువు అంది.

చదివే పని చిన్నప్పటి నుంచీ నాదే కదా. మందు చీటీ నేనే, కరెంటు బిల్లు నేనే, బస్సు మీద బోర్డు నేనే. అక్క పనికి వెళ్ళి నన్ను బడికి పంపింది, బదులుగా నేను లోకాన్ని చదివి పెడతాను. అదీ మా ఒప్పందం.

చూశాను. బిడ్డని అమ్మేసి ఉంటుంది, గట్టిగా నాలుగు తగిలిస్తే చెప్తుంది అని ఒకడు రాశాడు. ఆ మొహం చూడండి, ఏడ్చినట్టుందా అని ఇంకొకడు. పిల్లల్లేక మేం ఏడుస్తుంటే ఇలాంటి వాళ్ళకి ఇస్తాడు దేవుడు అని ఒకావిడ. దాని కింద చప్పట్లు కొడుతూ వందలమంది. నేను గొంతు సవరించుకుని, ఒక పెద్దావిడ రాసింది అక్కా, నీ బిడ్డ నీ ఒళ్ళోకి వస్తుంది, గుండె దిటవు చేసుకో తల్లీ అంటోంది అన్నాను. అక్క కళ్ళు మూసుకుని, ఇంకోటి చదువు అంది. లారీ డ్రైవరట, బండ్లాగిన చోటల్లా అడుగుతున్నానంటున్నాడు అన్నాను. ఇంకోటి అంది. అలా అల్లుతూనే ఉన్నాను. నిజంగా మంచి మాట రాసినవాళ్ళూ లేకపోలేదు. పక్కపేట కుర్రాళ్ళు టార్చిలైట్లేసుకుని కాలవ గట్టంతా వెతికారు, వాళ్ళ మాట ఉన్నదున్నట్టే చదివాను. ఎందుకోగాని అలాంటివాళ్ళు తక్కువ రాస్తారు.

పిల్ల దొరికాక అయినా నోళ్ళు మూతపడతాయనుకున్నాను. మూతపడలేదు. నాటకం, తనే వ్యానులో దాచిపెట్టి ఉంటుంది, విరాళాల కోసం అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది. ఆదివారానికి ఎవరో సినిమావాళ్ళు విడాకులు తీసుకున్నారు, జనమంతా అటు పోయారు. వెళ్తూ వెళ్తూ తప్పయిందని ఒక్కరూ అనలేదు. నాకు కోపం కూడా రాలేదు బావా, నిద్రొచ్చింది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళాను. మా సూపర్‌వైజరమ్మ తెలుసుగా, నాకు జ్వరమొస్తే తన గొడుగిచ్చి తను తడిసి వెళ్ళిన మనిషి. టీ దగ్గర నలుగురినీ పోగేసి, ఆ పరుపుల పిల్ల తల్లిని ముందు లోపల వెయ్యాలి అంటోంది. ఆవిడ మా అక్క అండీ అన్నాను. గ్లాసు కింద పెట్టేసింది. నా చెయ్యి పట్టుకుని, అయ్యో, నేను మీ అక్కని అనలేదమ్మా, ఆ టీవీలో ఆవిడని అన్నాను అంది. నిజంగానే అంది. ఆవిడ లెక్కలో వాళ్ళిద్దరూ వేరు వేరు మనుషులు.

సరే, ఊరివాళ్ళకి టీవీలో ఆవిడ మాత్రమే తెలుసు. నీకు మా అక్క తెలుసు కదా.

శుక్రవారం, పిల్ల దొరికిన పూట, అక్క నీకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా నువ్వు తీయలేదు. మధ్యాహ్నం నీ మెసేజ్ వచ్చింది. "లోకమంతా ఒకటే అంటోంది. నిద్రే కావలసినదానివి బిడ్డనెందుకు కన్నావు? నీ మొహం నాకు చూపించకు." నువ్వు నోటితో చెప్పి వాయిస్ మెసేజ్ పంపి ఉండొచ్చు. రోజూ అలాగే పంపేవాడివి, నీ గొంతు వింటూ అక్క ఏ పనిలో ఉన్నా నవ్వుకునేది. ఈసారి రాసి పంపావు. అక్కకి చదవడం రాదని తెలిసీ రాశావు. అంటే ఆ మాట నా నోటితో అనిపించాలనుకున్నావు.

నేను అనలేదు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. బావ ఏమన్నాడే అంది. నీ తప్పేం లేదు, నువ్వు జాగ్రత్త, వేళకి తిను, సెలవు దొరగ్గానే వస్తాను అన్నాడక్కా అని చదివాను. ఊఁ అంది. ఆ తరవాత నన్ను ఏదీ చదవమనలేదు.

నీ భయం నాకు అర్థమవుతుంది. అంత దూరంలో, అంత ఎత్తున కూర్చుని, చేతిలో ఫోను తప్ప ఏమీ లేక, కన్నకూతురు ఏమైందో తెలియని ఆ రాత్రి నీకు ఎలా గడిచిందో ఊహించగలను. నీ ఫోనులో కూడా ఆ మాటలే వచ్చి ఉంటాయి. అన్ని వందలమంది ఒకే మాట అంటే నిజమేనేమో అనిపిస్తుంది. నాకే ఒక క్షణం అనిపించింది. కానీ లోకులు కాకులు బావా, నువ్వు కాకివి కాదు. అక్క రాత్రంతా నిలబడి సంపాదించేది ఎవరికోసం? పగలు కళ్ళు మూతపడటం కూడా నేరమైతే, ఇక ఆ ఇల్లు నడిచేదెలా?

నేను అడిగేది ఒక్కటే. వచ్చి వెళ్ళు. రాలేకపోతే ఫోన్ చెయ్యి. నేను చదివిన అబద్ధాన్ని నువ్వు నిజం చెయ్యి. నువ్వు రాసింది మన ఇద్దరి మధ్యే ఉండిపోతుంది, అక్కకి ఎప్పటికీ తెలియనివ్వను. అక్కా నువ్వూ విడిపోతే పిచ్చుక ఎవరి ఫోనులో ఎవరి గొంతు వెతుక్కుంటుంది?

తొందరలో తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీ మేలు కోరే
మరదలు

తా.క.: కవరు అంటించబోతుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. బావకేనా అంది. అవునన్నాను. చదువు అంది. కాగితం విప్పి, అందరం క్షేమం, పిల్ల ఆడుకుంటోంది అంటూ మొదలుపెట్టాను. నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. చాల్లేవే, అలసిపోయావు అంది.

అక్కకి మొదటి నుంచీ తెలుసు బావా. నన్ను నేనే అంత తిట్టుకుంటున్నానే, ఊరుమొత్తంలో తిట్టేవాడు ఒక్కడూ ఉండడా అంది. మరి ఇంకోటి, ఇంకోటి అని ఎందుకు అడిగావంటే, నువ్వు చెప్తుంటే బాగుండేదే, అందుకని అంది. మీ బావ నన్ను వేళకి తినమని ఏనాడన్నాడే అని కాస్త నవ్వింది కూడా. తరవాత నీ మెసేజ్ తియ్యమంది. ఉన్నదున్నట్టు చదవమంది. చదివాను. రెండోసారీ చదివించుకుంది.

జవాబు రాయి, తీపి కలపకు అంది. ఇదిగో.

"నువ్వన్న మాట నేనూ అనుకున్నాను. నేను అనుకోవడం వేరు, నువ్వు అనడం వేరు. కోపం లేదు, ఓపిక లేదు. పిల్ల రోజూ నిన్ను అడుగుతోంది, దానికి ఫోన్ చెయ్యి. నన్ను పిలవమనకు. మాట్లాడాలని నాకు అనిపించిన రోజు నేనే చేస్తాను, ఆ రోజు నువ్వు ఫోన్ తియ్యి."

ఒక్క అక్షరం మార్చలేదు.