తట్టుడు వైద్యం

తమ్ముడికి,

బ్లేడుకి అడ్డుండే గార్డు బిగించాకే కాగితం కోసే మిషను ఆన్ చేస్తానని ఆనాడు మాటిచ్చావు. ఇరుక్కున్న కాగితాన్ని నేను లాగుతుండగానే స్విచ్చి వేశావు. బ్లేడు నా వేళ్లని ఒక్క దెబ్బకి నరికేసింది. నేను నేలమీద పొర్లుతుంటే నువ్వు ముందు నెత్తురంటని కాగితం కట్టలని పక్కకి లాగావు. ఆ తర్వాత, "చూసుకోవద్దా అన్నయ్యా!" అని నా మీదే అరిచావు. ఇంటిల్లిపాదికీ నా ఏమరుపాటేనని చెప్పావు.

ఇప్పుడు నీ కూతురు తట్టుడు వైద్యం నేర్చుకుని రోజూ నా దగ్గరికి వస్తోంది. కనుబొమ్మ మీద, కంటి కింద, గడ్డం మీద వేలికొసలతో తడుతూ నా చేత మాట్లాడిస్తుంది. మనస్తత్వశాస్త్ర గ్రంథాలు నమిలి మింగినవాణ్ణి కదా, మొదట నవ్వాను. కానీ బ్లేడు చప్పుడు వినిపించి నిద్రలో కేకలు పెట్టడం తగ్గింది. నీ పీక నులమాలన్న కోరిక మాత్రం తగ్గలేదు.

నిన్న అడిగింది: "కోపం ఎవరి మీదో పైకి చెప్పు పెదనాన్నా, దాచుకుంటే పోదు."

"మిషను మీదే తల్లీ."

"పో పెదనాన్నా, మిషన్ని ఎవరైనా ఇన్నేళ్లు తిట్టుకుంటారా?"

దానికి నువ్వంటే ప్రాణం. అందుకే ఇన్నాళ్లూ నోరు నొక్కుకున్నాను. రేపు అది వచ్చేలోగా నిజం నువ్వే చెప్పుకో. లేదా అది మళ్లీ నా కనుబొమ్మ మీద తట్టి అడగగానే నేనే చెబుతాను: "మీ నాన్న మీద."