చిన్న పుర్రెకు కొత్త కీలు

మ్యూజియం, ఎముకల గది
మార్చి 9

వదినగారికి,

ఆడపడుచు నమస్కారాలు. ఇక్కడ నా కుట్లు మానాయి. అక్కడ మీరు కులాసాగా ఉన్నారని పత్రికలో మీ ఫొటో చూసి తెలుసుకున్నాను. కాలేజీ రోజుల నుంచీ ఒసేయ్ అని పిలిచినదాన్ని, ఇవాళ ఆ మాట నోటికి రాక మీరు అంటున్నాను. సర్దుకోండి.

ఆరేళ్లు ఒకే బల్ల దగ్గర, రెండు పుర్రెలు మధ్యలో పెట్టుకుని పోట్లాడుకున్నాం. రెండూ ఎప్పుడో అంతరించిన జీవులవి. పెద్దది క్షీరదాలకు దూరపు చుట్టమని ఇద్దరం ఒప్పుకున్నాం. పేచీ అంతా చిన్నదానితోనే. పళ్లు చూసి అది అచ్చంగా క్షీరదమే అన్నారు మీరు. పళ్లు కాదు, దవడ కీలు చూడమన్నాను నేను. మనకు చెవిలోకి చేరిన చిన్న ఎముకలు దానికింకా దవడ కీలులోనే ఉన్నాయి. క్షీరదాలకుండే కొత్త కీలు లేనే లేదు. దగ్గరి చుట్టమే గానీ ఇంటి మనిషి కాదన్నాను. తేలాక ఇద్దరి పేర్లతో రాద్దామని మాట ఇచ్చుకున్నాం.

నేను ఆపరేషన్ బల్ల ఎక్కానో లేదో, మీరొక్కరే అచ్చు వేయించుకున్నారు. కొత్త కీలు కనిపించిందట, అది తొలి క్షీరదమట! ఆ కీలు ఫొటో తప్ప బొమ్మలన్నీ నేను గీసినవే. నా పేరు కోసం వెతికితే, చివర్న ఇంట్లోవాళ్లకు కృతజ్ఞతలని ఉంది. అన్నయ్యకు ఫోన్ చేస్తే, ఎవరి పేరైతేనేం, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు కదా అని నవ్వాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మిమ్మల్ని ఏరికోరి ఆ ఇంటికి కోడలిగా తెచ్చింది నేనే. పరాయివాళ్లు చేసుంటే ఇంత ఏడ్చేదాన్ని కాదు వదినా.

ఇట్లు,
మీ ఇంట్లోవాళ్లలో ఒకతె

తా.క.: ఒసేయ్, ఆ కొత్త కీలు ఎముక కాదే. ప్రదర్శనలో దవడ జారిపోతోందని, ఆసుపత్రిలో చేరే ముందు నేనే ప్లాస్టర్‌తో చేసి, రంగు వేసి అతికించాను. నేను పుర్రెకు అంటుకున్న రాయి తొలుస్తుంటే బయటపడిందనుకున్నావు కాబోలు. వచ్చే వారం పుర్రె చూడటానికి మన శాస్త్రంలో పెద్దలు వస్తున్నారు. అల్మారా తాళం తీసేది నేనే. ఆలోపు నువ్వే చెప్పుకో. ఆ ప్లాస్టర్ సంగతి నీకు చెబుదామనే ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాను. నువ్వేదో రాసుకుంటున్నావట, కదిలించొద్దన్నాడు అన్నయ్య.