నకలు మీద పడ్డ దొంగలు

మావయ్యగారికి,

ఆఫీసులో మీ పక్క గదిలోనే కూర్చుని ఉత్తరం రాస్తున్నానని కోప్పడకండి. ఎదురుగా వస్తే మీరు నన్ను మాట పూర్తి చేయనివ్వరు.

బ్లాక్‌చెయిన్ మీద మన పొదుపు పథకం మొదలుపెట్టే ముందు, వేరే కంపెనీల మీద గతంలో జరిగిన దాడులన్నీ జనం డబ్బు దాచి, అడిగితే తనంతట తానే తిరిగిచ్చే మన స్మార్ట్ కాంట్రాక్టు ప్రోగ్రాము నకలు మీద మళ్ళీ చేసి చూడమన్నది మీరే. చేశాను. డబ్బిచ్చిన సంగతి ప్రోగ్రాము రాసుకునేలోపే మళ్ళీ చెయ్యి చాపే పాత ఎత్తుకే నకలు ఖాళీ అయిపోయింది.

పరుగున వచ్చి చెబితే మీరు తాపీగా టీ తాగుతూ, "దోచింది నకలునేగా! అసలుది చెక్కు చెదరలేదుగా!" అన్నారు. సరిచేద్దామంటే, "దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, ఆ పాత గొడవలిప్పుడెందుకురా?" అని కసిరారు. మనింట్లో దొంగలింకా పడలేదు మావయ్యా. కుక్కని ఇప్పుడే మొరగనివ్వండి.

ఈ ఉదయం గుమ్మం దగ్గర కొత్త బోర్డు చూశాను. "పాత దాడులన్నిటితోనూ పరీక్షించబడినది" అని ఉంది. అందులో ఒక్క అబద్ధం లేదు. పరీక్షలో ఏం తేలిందో కూడా లేదు. కింద నా ఫోటో ఉంది, మీ అమ్మాయి పెళ్ళిలో నవ్వుతూ దిగినది.

ఆ బోర్డు చూసి అత్తయ్య ఫోన్ చేసింది. "నువ్వు చూశావుగా, ఇంక భయమేంటి? నా పొదుపంతా వేసేస్తున్నా. ఇంతకీ మీ మావయ్య ఎంత వేశారు?" అంది.

మీరేమీ వేయలేదని నాకు తెలుసు. ఆవిడ డబ్బుకి నకలు లేదు మావయ్యా. రాత్రి మీ ఇంటికి భోజనానికి రమ్మంది. నేను చెప్పనా, మీరే చెబుతారా?

మీ మేనల్లుడు