కరెంటు బిల్లు చూపించమ్మా

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ మనవరాలు హైమకి విశాఖలో కాలేజీ సీటొచ్చింది. ఇక్కడితో ఆపితే సంతోషంగానే ఉండేది ఉత్తరం.

గది ఫోన్లో వెతికాం. ఫొటోలు బాగున్నాయి. ఫోన్ చేస్తే ఇంటాయన, "మాది సంతబొమ్మాళే మావా. ఇక్కడ నీళ్లు మంచివి, మన ఉద్దానం నీళ్లు కావు" అన్నాడు. విశాఖలో మన మాటకి నవ్వేవాళ్లనే చూశాను గానీ, మన మాటాడే ఇంటాయన దొరికాడా ఎప్పుడైనా? పైగా నీళ్ల మాట. నీ కిడ్నీలు పోయాక ఆ మాటకి కరగనివాడెవడు మనింట్లో? "ఏరేవోళ్లొచ్చేత్తన్నారు, అడ్వాన్సు ఏసేయ్ మావా" అన్నాడు. వేసేశాను.

పెట్టె మోసుకుని వెళ్తే, తలుపు తీసినావిడ అసలు ఇల్లు అద్దెకే ఇవ్వడం లేదంది. వాడు ఫోనెత్తలేదు. హైమ మెట్ల మీద కూలబడి, "తాతా, ఆడు నిజంగా మనోడేనేటి?" అంది.

నువ్వయితే ఆవుని బేరమాడ్డానికెళ్లినా ముందు ఆ ఇంట చెంబుడు నీళ్లడిగి తాగేవాడివి. ఆ వంకతో ఇల్లూ, మనుషులూ అన్నీ చూసేసేవాడివి. నేను నవ్వేవాణ్ణి. నిన్న ఇంకో గది చూడ్డానికెళ్లి నేనూ నీళ్లడిగాను. ఇంటావిడ గ్లాసిస్తూ, "ఉద్దానమా మావా? మాది టెక్కలి!" అని మొహమంతా నవ్వింది.

ఇదివరకైతే చుట్టరికం కలిపి, భోంచేసి మరీ వచ్చేవాణ్ణి. నిన్న మాత్రం, ఇల్లెవరి పేరునుందో చూద్దామని, "కరెంటు బిల్లు చూపించమ్మా" అన్నాను.

లోపలికెళ్లి తెచ్చింది. "ఇదిగోండి" అంది.

మావా అనలేదు బావా.